కారు ముక్కుకో కుంపటి

కారు కొన్న కొత్తలో దానిమీద గోరుగీత పడినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఏడేళ్లు గడిచాక ఆ బాధ ఉండదు గాని, ఎదుట బోర్డులో పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగిందంటే మాత్రం ఎంతటివాడికైనా గుండె గుభేలుమంటుంది. మొన్న వేసవిలో మాకు అదే జరిగింది. చప్పుడు లేదు, పొగ లేదు, బండి చక్కగానే నడుస్తోంది. దీపం మాత్రం ఆరదు. పెట్రోలు కాస్త ఎక్కువే తాగుతోందని మా ఆవిడ జమాఖర్చుల పుస్తకం కూడా సాక్ష్యం చెప్పింది.

వర్కుషాపుకు తీసుకుపోతే ఒక కుర్రాడు స్టీరింగు కింద స్కానరు తగిలించి రెండు అంకెలు చదివాడు: పి-0135, పి-0141. "ఆక్సిజన్ సెన్సార్లు రెండూ పోయాయి సార్, మార్చాలి" అని పదమూడువేల రూపాయల చీటీ చేతిలో పెట్టాడు. అబ్బాయి కాలేజీ ఫీజు కట్టవలసిన వారం అది! ఆలోచించుకుని వస్తానని బండి వెనక్కి తిప్పాను.

అసలీ సెన్సారు ఏమిటంటారా? కారుకు ముక్కు వంటిది. ఇంజను వదిలే పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటరుకు చెబుతుంది. దానినిబట్టే కంప్యూటరు పెట్రోలు పాళ్లు సరిదిద్దుతుంది. ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్లు గాలి, తూకంలో. ముక్కులోపల ఉన్నది జిర్కోనియా అనే పింగాణీ. ఒకవైపు పొగ, రెండోవైపు బయటి గాలి ఉంటే, ఆ తేడాను బట్టి అందులో ఒక వోల్టుకు లోపు విద్యుత్తు పుడుతుంది. అయితే దానికొక పెంకితనం. సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గాని పలకదు. 1976లో వోల్వో కార్లలో మొదట అమర్చినప్పుడు పొగవేడి మీదనే ఆధారపడేది. 1982లో బాష్ కంపెనీవారు లోపలే చిన్న హీటరు పెట్టారు. చలికి కుంపటి ఎలాగో దానికీ అలాగే. కుంపటి రాజుకోకపోతే ముక్కు మేలుకోవడం ఆలస్యమవుతుంది. అందాకా కంప్యూటరు ఉజ్జాయింపున పెట్రోలు పోస్తుంది. బజారుకీ బడికీ తిరిగే బండికి ఆ దుబారా రోజూ తప్పదు.

మా వీధి చివర ఒక ముసలి ఎలక్ట్రికల్ మేస్త్రి ఉన్నాడు. చీటీ చూసి నవ్వాడు. "బాబుగారూ, ఇందులో సెన్సారు పోయిందని ఎక్కడుందండీ? హీటరు సర్క్యూటులో తేడా ఉందని మాత్రమే ఉంది. మొదటి అంకె ముందుదానిది, రెండోది వెనకదానిది. రెండు కుంపట్లూ ఒకేరోజు ఆరిపోయాయంటే బొగ్గులు పంపే దారినే కదండీ చూడాలి!" అన్నాడు.

ఈ అంకెల భాష అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. ఇప్పుడు మన బండ్లూ అదే మాట్లాడుతున్నాయి. అది జబ్బున్న వీధి పేరు చెబుతుందే తప్ప ఇంటి నంబరు చెప్పదు.

మేస్త్రి ఫ్యూజుల పెట్టె విప్పి ఒకటి పైకి లాగాడు. మాడిపోయి ఉంది. మా బండిలో రెండు హీటర్లకూ ఆ ఒక్క ఫ్యూజునుంచే కరెంటు. కొత్తది వేశాడు, తాళం తిప్పగానే అదీ ఠప్పున పోయింది. నా మొహం చిన్నబోయింది గాని ఆయన మొహం విప్పారింది. "ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది" అన్నాడు. ఇలాంటప్పుడు ఇంకా పెద్ద ఫ్యూజు వేసేవారున్నారు. వైర్లు అంటుకునేది అలాగే, చచ్చినా చేయకూడదు.

సైలెన్సరు చల్లారేదాకా కూర్చోబెట్టి, సెన్సార్ల ప్లగ్గులు రెండూ ఊడదీశాడు. ఒక్కొక్కదానికి నాలుగేసి వైర్లు. అందులో ఒకే రంగువి రెండు హీటరువట (మా దాంట్లో తెల్లవి). మీటరు పెడితే ముందుదాంట్లో ఆరు ఓములు. చల్లగా ఉన్నప్పుడు అలా కొద్దిపాటి ఓములు చూపితే కుంపటి బతికి ఉన్నట్టే. అసలు దారే లేదని చూపితే లోపల తీగ తెగినట్టు. సరైన అంకె బండిబండికీ వేరు, దాని పుస్తకంలో చూసుకోవాలి. వెనకదీ ఆరే చూపింది. కాని దాని తెల్లవైరుకూ సైలెన్సరుకూ మధ్య మీటరు పెడితే సున్నా!

కింద దూరి చూస్తే సంగతి బయటపడింది. అంతకు నాలుగు నెలలముందు సైలెన్సరు అతుకు వేయించాం. అప్పుడు వైరును పట్టి ఉంచే క్లిప్పు తిరిగి పెట్టలేదు. వైరు వేలాడి వేడిగొట్టాన్ని ఆనుకుంది. తొడుగు కరిగి రాగి బయటపడింది.

మేస్త్రి సోల్డరింగు చేయలేదు. చాలా సెన్సార్లు బయటి గాలిని వైర్ల సందునుంచే పీల్చుకుంటాయట. సీసం పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. మాడిన ముక్క కత్తిరించి, నొక్కి బిగించే లోహపు గొట్టంతో కలిపి, వేడికి తట్టుకునే తొడుగు వేసి, క్లిప్పు పెట్టాడు. కొత్త ఫ్యూజు నిలిచింది. తాళం తిప్పి చూస్తే ప్లగ్గు దగ్గర పన్నెండు వోల్టులు వచ్చాయి. ఇంజను నడుస్తుండగా రెండోవైపు కంప్యూటరు భూమికి కలుపుతోందని పరీక్షదీపం పెట్టి చూశాడు. అక్కడ దీపం వెలగకపోతే అప్పుడు గాని కంప్యూటరును అనుమానించనక్కర లేదట.

స్కానరు అరువు తెచ్చి అంకెలు చెరిపాడు. ఆరువందలు పుచ్చుకుని, నాలుగు రోజులు పొద్దున్నే చల్లని ఇంజను మీద నడిపి చూడమన్నాడు. చూశాం. దీపం వెలగలేదు. మాడిన ఫ్యూజులు రెండూ మా అబ్బాయి తన పెట్టెలో దాచుకున్నాడు.