షేక్ లుత్ఫుల్లా మసీదు: గుమ్మటం పక్కకి ఎందుకు జరిగింది?

ఈరోజు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరానికి వెళ్దాం. అక్కడ నక్ష్-ఎ-జహాన్ అని పెద్ద మైదానం ఉంది. దానికి తూర్పున, ఆలీ ఖాపూ రాజభవనానికి ఎదురుగా ఉన్నదే షేక్ లుత్ఫుల్లా మసీదు. సఫావీ రాజు షా అబ్బాస్ 1603లో మొదలుపెట్టించాడు, 1619కి పూర్తయింది.

ఫోటో చూడగానే మీకో అనుమానం రావాలి. మీనార్లు ఏవి? లోపల ముంగిలి కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే గుమ్మటం. ఊరందరి నమాజుకి మైదానం దక్షిణాన వేరే పెద్ద మసీదు కట్టారు. ఇది రాజకుటుంబం కోసమని చెబుతారు. జనాన్ని పిలవాల్సిన పని లేకపోతే మీనారు దేనికి?

ఇంకోటి చూడండి. గుమ్మటం ద్వారానికి సరిగ్గా వెనక లేదు, కుడివైపుకి జరిగి ఉంది. లెక్క తప్పిందేమో అనిపిస్తుంది, కానీ అది కావాలని చేసిందే. ద్వారం మైదానంతో సమానంగా ఉండాలి. నమాజు చేసే గది మాత్రం మక్కా వైపు, అంటే నైరుతికి తిరిగి ఉండాలి. రెండిటికీ దాదాపు 45 డిగ్రీల తేడా! దీన్ని ఒక నడవతో సరిచేశారు. లోపలికి వెళ్లగానే ఎడమకి తిరగాలి, మసక వెలుతురులో నడిచి కుడికి, మళ్లీ కుడికి తిరగాలి. దిక్కు మారిందని మనకి తెలియనే తెలియదు. గదిలో అడుగుపెట్టేసరికి మక్కా దిక్కుని చూపే మిహ్రాబ్ ఎదురుగా ఉంటుంది.

ఇక గది సంగతి. నాలుగు గోడల మీద నాలుగు, మూలల్లో నాలుగు, మొత్తం ఎనిమిది కమానులు. వాటి అంచుల వెంట మెలితిప్పిన తాడులాగా నీలిపచ్చ రంగు పట్టీ నేల నుంచి పైదాకా వెళుతుంది. నలుచదరపు గది గుండ్రని గుమ్మటంగా ఎక్కడ మారిందో వెతికినా దొరకదు. పైన నిమ్మకాయ ఆకారపు బిళ్లలు నడిమికి పోయేకొద్దీ చిన్నవవుతాయి, దాంతో గుమ్మటం ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది. కింద జాలీ కిటికీల్లోంచి వచ్చే వెలుగు పైన ఒక చోట పడి నెమలి పింఛంలా కనిపిస్తుంది. అందరూ దాని ఫోటోలే తీసుకుంటారు.

నాకైతే గుమ్మటం బయటివైపే ఎక్కువ ఇష్టం. అక్కడ అంతా నీలం కాదు. మెరుపులేని మీగడరంగు ఇటుక మీద మెరిసే తీగలు. ఎండ పడితే తీగలు మాత్రమే తళుక్కుమంటాయి.

నీలం మీద తెల్లని అక్షరాలు అలీ రెజా అబ్బాసీ రాశాడు. మిహ్రాబ్ దగ్గర చిన్నగా కట్టినవాడి పేరు కూడా ఉంది: ఉస్తాద్ హుసేన్ కొడుకు మొహమ్మద్ రెజా.