చుట్టాల గది మేడ మీదా.. కిందా? ఇంటి ప్లాన్ గీయించే ముందే ఇవి చూసుకోవాలి!

అనకాపల్లి: సొంతిల్లు కట్టుకునేటప్పుడు వంటగది, పూజగది, మాస్టర్ బెడ్‌రూమ్.. ఇవన్నీ కుదిరాక మిగిలిన చోటునే చాలామంది గెస్ట్ బెడ్‌రూమ్ అనేస్తారు. తీరా చుట్టాలొచ్చాక పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేక, ఉక్కపోతకు నిద్రపట్టక హాల్లోనే చాప వేసుకుంటారు. లక్షలు పోసి కట్టిన గది సామాన్ల గదిగా మారిపోతుంది. మరి ఆ గది ఎక్కడుండాలి?

వచ్చేది ఎప్పుడు?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అనకాపల్లిలో ఇళ్లు చుట్టాలతో నిండేది సంక్రాంతికి, ఆ తర్వాత నూకాంబిక అమ్మవారి జాతరకు. ఉగాది ముందురోజు కొత్త అమావాస్యతో మొదలయ్యే జాతర నెల రోజులు సాగుతుంది. ఆ వెంటనే పిల్లల వేసవి సెలవులు. అంటే ఆ గదికి ఎక్కువ పని పడేది ఎండాకాలంలోనే!

వాయవ్యం మంచిదేనా?

వాస్తు చూసేవాళ్లు అతిథుల గదికి సాధారణంగా వాయవ్యం, అంటే ఉత్తరం-పడమర మూల చెబుతారు. అక్కడ పెట్టుకున్నా ఇబ్బంది లేదు. కానీ మధ్యాహ్నం నుంచి ఎండంతా పడమటి గోడ మీదే. రాత్రయినా ఆ గోడ సెగ తగ్గదు. అందుకే పెద్ద కిటికీ ఉత్తరం వైపు పెట్టి, పడమటి గోడకు వార్డ్‌రోబ్ గానీ, అటాచ్డ్ బాత్రూమ్ గానీ వచ్చేలా ప్లాన్ చేసుకుంటే మేలు.

జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 ప్రకారం, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో తలుపులు కాకుండా కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. 10×12 అడుగుల గదికి ఇది 20 చదరపు అడుగులు. వీటిని రెండు గోడలకు పంచితే గాలి ఆడుతుంది.

కింద ఉంటేనే లాభం

డూప్లెక్స్ అయినా సరే, గెస్ట్ బెడ్‌రూమ్ కిందే ఉండటం మంచిది. శ్లాబు నేరుగా ఎండకు కాగే మేడ గది కంటే, పైన ఇంకో అంతస్తున్న కింది గది చల్లగా ఉంటుంది. ఊరి నుంచి వచ్చే అమ్మమ్మకు, తాతయ్యకు మెట్ల బాధ తప్పుతుంది. రేపు ఇంట్లో ఎవరికైనా కాలు విరిగినా, ఆపరేషన్ జరిగినా ఆ గదే దిక్కు. చక్రాల కుర్చీ పట్టాలంటే తలుపు దారి 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3 అడుగులు ఉండాలి. చాలా ఇళ్లలో బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులే ఉంటుంది. అక్కడ గడప ఎత్తు కూడా చూసుకోవాలి.

స్థలం తక్కువైతే?

150 గజాల్లో కట్టేవాళ్లకు చుట్టాల కోసమే ఓ గది కేటాయించడం కష్టమే. అలాంటప్పుడు కింద ఒక గదిని మిగతా రోజుల్లో పిల్లల చదువుకో, ఆఫీసు పనికో వాడుకోవచ్చు. బాత్రూమ్ తలుపు గది లోపలికి కాకుండా పక్క నడవాలోకి పెడితే హాల్లో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. గది తలుపు మాత్రం సోఫాకు, టీవీకి ఎదురుగా రాకూడదు. ప్రయాణం చేసి అలసిపోయి వచ్చినవాళ్లు కాస్త తలుపేసుకుని పడుకోగలగాలి.

ప్లాన్ దశలో ఇవన్నీ గీత మారిస్తే సరిపోతాయి. గోడలు లేచాక మార్చాలంటే పగలగొట్టాల్సిందే!