మిస్సమ్మయందలి హాస్యము

భరతముని నాట్యశాస్త్రమున నవహిత్థమును, అనఁగా మనోభావగోపనమును, హాస్యమునకు వ్యభిచారిభావముగాఁ జెప్పి, దైన్యమును గరుణమునకుఁ జేర్చెను. ఆ రెండును నొక్కచోఁ గలియుట 1955వ సంవత్సరమున వెలువడిన ‘మిస్సమ్మ’ చలనచిత్రమునఁ గాననగును. ఇందలి రచన చక్రపాణిది, దర్శకుఁడు ఎల్. వి. ప్రసాదు. వంగభాషయందు రవీంద్రనాథ మైత్ర రచించిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ దీనికి మూలములలో నొకటి.

పట్టణమున నుద్యోగహీనులైన రావు, మేరి యనువారు పట్టభద్రులు. అప్పాపురపు పాఠశాలలో దంపతులకే పదవు లిత్తురు. అవివాహితులగు వీరు భిన్నమతస్థులయ్యు నాలుమగలుగా నటింతురు. బిచ్చమెత్తు దేవయ్య వారికి సేవకుఁ డగును. వారి తడఁబాటునకుఁ బ్రేక్షకుఁడు నవ్వును. కాని మేరికి ఋణబాధ గలదు. గుట్టు బయల్పడినచో నిరువురకును జీతము పోవును. ఇట నవహిత్థమునకు హేతువు దైన్యమే. కావున నిందలి నవ్వు పేదఱికమును మఱపింపదు, దానినుండియే పుట్టును.