రెండు కాసుల వెనుక కథ

ఆ ఆదివారం మా సంఘంలో కృతజ్ఞతార్పణ పండుగ. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలోని బీద విధవరాలి గురించి ప్రసంగించాము. కలిగినవారు మిగిలినదాంట్లో నుంచి వేశారనీ, ఆమె మాత్రం తన బతుకుదెరువునే కానుకగా వేసిందనీ చెప్పి, మనమూ అలాగే ఇవ్వాలని హెచ్చరించాము. ఆరాధన ముగుస్తుండగా డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి చాప మీద నుంచి మెల్లగా లేచి, కొంగుముడి విప్పి, నలిగిన రెండు వంద నోట్లు కానుకపెట్టెలో వేసింది. మా కళ్లు చెమర్చాయి. ప్రసంగం ఫలించిందనుకున్నాము.

మరుసటి ఆదివారం ఆమె కనిపించలేదు. ఇంటికి వెళ్లాము. కొడుకు ఇంటి పక్కన రేకుల పంచలో మంచం మీద పడుకొని ఉంది. ‘‘ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?’’ అని అడిగితే, ‘‘బీపీ మాత్రలు అయిపోయాయి అయ్యగారూ. పింఛను రాగానే కొనుక్కుంటాలెండి’’ అంది. ఆ రెండు వందలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి అదే అధ్యాయాన్ని మళ్లీ చదివాము. మేమెప్పుడూ 41వ వచనం దగ్గరే ప్రసంగం మొదలుపెడతాము. దానికి ముందు వచనంలో, దీర్ఘప్రార్థనలు చేస్తూనే విధవరాళ్ల ఇళ్లను మింగేసే శాస్త్రుల గురించి ప్రభువు మాట్లాడాడు. ఆ వెంటనే ఒక విధవరాలు కనిపిస్తుంది. ఆమె చేతిలో ఉన్నవి రెండే కాసులు. ప్రభువు ఆమె విశ్వాసాన్ని గుర్తించాడు, సందేహం లేదు. కానీ ఆమెను ఆ స్థితికి తెచ్చినవారిని విడిచిపెట్టలేదు. ఆమె ఎంత ఇచ్చిందో మనం తరచూ చెప్పుకుంటాము. ఆమెకు రెండే ఎందుకు మిగిలాయని అడగము.

ఈ ప్రశ్న నేడు మన దేశం ముందూ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు దాదాపు 10.4 కోట్ల మంది. వారిలో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే అవుతారని అంచనా. ఫ్రాన్స్‌లో 65 దాటినవారి వాటా 7 శాతం నుంచి 14 శాతానికి చేరడానికి 115 ఏళ్లు పట్టింది. అక్కడ కలిమి ముందు వచ్చింది, ముసలితనం తర్వాత వచ్చింది. మన వంటి దేశాల్లో కలిమి రాకముందే ముసలితనం వచ్చేస్తోంది.

ఆ భారం స్త్రీ మీదే ఎక్కువ పడుతోంది. నాట్లు, కలుపు, మిరపకోతలకు వెళ్లినా మగవారి కంటే తక్కువ కూలీయే. ఇంటిచాకిరీకి అదీ లేదు. పీఎఫ్ లేదు, పొలం ఆమె పేరున లేదు. తనకంటే పెద్దవాణ్ని పెళ్లాడి, అతని కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అతని చివరి జబ్బుకు ఉన్నదంతా ఖర్చుపెట్టి, తన జబ్బు నాటికి వట్టిచేతులతో మిగులుతుంది.

పింఛను కొంత ఆసరా. 1995లో కేంద్రం నెలకు 75 రూపాయలతో మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను, రాష్ట్రాలు జతచేసిన సొమ్ముతో పెరిగింది. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలకు చేరింది. కానీ ఆ సొమ్ము ఎన్ని ఇళ్లలో ఆ తల్లి చేతిలోనే ఉంటోంది? మనవడి ఫీజుకో, కొడుకు అప్పుకో పోవడం లేదా?

చట్టమూ ఆమెకు తోడుంది. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అని 2007 నాటి చట్టం చెబుతోంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన భర్త ఆస్తిలో పిల్లలున్న భార్యకు మూడోవంతు వస్తుంది. ఈ సంగతి మన సంఘాల్లో ఎందరు తల్లులకు తెలుసు? భూస్థాపన కూడికలో ఓదార్పు మాటలు చెప్పే మేము, ఈ ఒక్క మాట ఎన్నడైనా చెప్పామా?

ఆదిమ సంఘం అరవై దాటిన విధవరాళ్ల పేర్లు రాసుకొని పోషించింది (1 తిమోతి 5:9). అంతకంటే ముందు పిల్లలూ మనవలూ తమ పెద్దవారి రుణం తీర్చుకోవాలని పౌలు ఆజ్ఞాపించాడు (5:4). అంటే మొదట ఇల్లు, ఇల్లు లేనిచోట సంఘం. మనకు మాత్రం ఆ తల్లుల పేర్లు చందాల పుస్తకంలోనే దొరుకుతాయి. పిడికెడు బియ్యం తీసేదీ, ఉపవాస కూడికకు ముందుగా వచ్చేదీ వారే.

ఆ తల్లి మాత్రల ఖర్చు ఇప్పుడు సంఘం కానుకల నుంచే వెళుతోంది. కొడుకుతోనూ మాట్లాడాము. మొదట ముఖం చాటేశాడు; ఇప్పుడు నెలకోసారి ఆమెను ఆసుపత్రికి తీసుకెళుతున్నాడు. ఇది మేము చేసిన గొప్ప పని కాదు, ఆలస్యంగా తీర్చిన బాకీ.

ప్రియులారా, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కొంచెం ఆగండి. వెనుక వరుసలో చాప మీద కూర్చున్న ఆ అమ్మ పక్కన కూర్చోండి. ‘‘ఇంట్లో బియ్యం ఉన్నాయా? మాత్రలు ఉన్నాయా?’’ అని అడగండి. ప్రభువు ఆనాడు కానుకపెట్టె ఎదుట కూర్చొని చూశాడు. ఆయన ఇప్పటికీ చూస్తున్నాడు: ఆమె ఎంత వేస్తోందో ఒక్కటే కాదు, మనం ఆమెకు ఎంత మిగిల్చామో కూడా.