చీనీ తోటల నుంచి గండికోట దాకా

కడప జిల్లా పులివెందుల నుంచి గండికోటకు రోడ్డు ఉంది. పులివెందుల చుట్టుపక్కల దారి పొడుగునా చీనీ తోటలు, అరటి తోటలు కనబడతాయి. ఈ సీమలో వానలు తక్కువ. మరి తోటలకు నీళ్లెక్కడివి?

ఎక్కువ మందికి బోరు నీళ్లే ఆధారం. చీనీ మొక్క కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. ఒక్క వేసవిలో బోరు ఎండితే ఆ కష్టమంతా పోతుంది. అప్పుడు కొందరు రైతులు ట్యాంకర్లతో నీళ్లు కొని పోస్తారు. అందుకే చాలామంది డ్రిప్పు పైపులు వేసుకున్నారు. నీళ్లు చుక్క చుక్కగా చెట్టు మొదట్లోనే పడతాయి. వృథా కావు.

ముద్దనూరు, జమ్మలమడుగు దాటాక నేల మారిపోతుంది. ఎర్రటి బండలు, ముళ్లకంపలు కనబడతాయి. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. గండి అంటే కొండల మధ్య నది చేసుకున్న దారి. ఎర్రమల కొండల్ని పెన్నా నది లక్షల ఏళ్లు కోసింది. వరదలో వచ్చిన ఇసుక, రాళ్లు బండను అరగదీశాయి. ఇప్పుడక్కడ వందల అడుగుల లోతు లోయ ఉంది. దాని అంచునే కోట కట్టారు. అందుకే గండికోట అన్నారు.

లోయకు ఎగువన పెన్నా మీద జలాశయం ఉంది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు కాలువలో వచ్చి అందులో చేరతాయి. కొన్ని నీళ్లను మోటార్లతో ఎత్తి పులివెందుల వైపు పంపుతారు. ఈ జలాశయం కింద కొన్ని ఊళ్లు మునిగాయి. అక్కడి జనం ఇళ్లు, పొలాలు వదిలిపెట్టి పోయారు. వాళ్లు ఊళ్లిస్తే వచ్చిన నీళ్లివి. ఒక్క చుక్క కూడా పారబోయకూడదు.