కాళ్లవాపు రోగులకు హెపటైటిస్ పరీక్షలు అవసరం

కాళ్లవాపు, నురుగు మూత్రంతో వికారాబాద్, తాండూరు ఆసుపత్రులకు వచ్చే రోగులకు మూత్రపిండాల పరీక్షతోపాటు హెపటైటిస్-బి, సి రక్తపరీక్షలు కూడా జరుపవలసి ఉంది. ఈ వైరస్‌లు కాలేయానికే పరిమితం కావు. వైరస్ కణాలు, వాటిని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే యాంటీబాడీలు జతకూడి మూత్రపిండాలలోని వడపోత పొరలలో పేరుకుంటాయి. దానితో రక్తంలోని మాంసకృత్తులు మూత్రంలో కలిసి పోతాయి. బి వైరస్ వల్ల వచ్చే ఈ వ్యాధి పిల్లలలో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పెద్దలలో తరచు ముదురుతుంది. కారణం తేల్చకుండా స్టెరాయిడ్లు మాత్రమే ఆరంభించినచో బి వైరస్ విజృంభించి కాలేయం విఫలమయ్యే ప్రమాదం ఉన్నది. ముందుగా వైరస్‌ను అదుపు చేయాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ కంటె, తగ్గించిన మోతాదులో ఎంటెకావిర్ మేలు. సి వైరస్ సోఫోస్‌బువిర్‌తో కూడిన మాత్రలతో సాధారణంగా 12 వారాలలో నయమవుతుంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం.