బ్యాంకింగ్ ఎస్‌డీకేలో మీ కస్టమ్ హెడర్ పనిచేయట్లేదా? అసలు కారణాలు ఇవే!

బ్యాంకింగ్ యాప్ నుంచి సర్వర్‌కి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌తో పాటు కొన్ని హెడర్లు కూడా వెళ్తాయి. కొరియర్ కవర్ మీద రాసే వివరాల్లాంటివన్నమాట. ఎస్‌డీకే కొన్ని హెడర్లను డీఫాల్ట్‌గా తనే పెట్టేస్తుంది. వాటి బదులు మీ వాల్యూ ఇచ్చారు, ఎర్రర్ ఏమీ రాలేదు, రెస్పాన్స్ కూడా 200 వచ్చింది. కానీ సర్వర్‌కి చేరింది మాత్రం పాత డీఫాల్టే! ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం.

ముందు, ఇది చిన్న విషయం ఎందుకు కాదో తెలుసుకోండి. పేమెంట్ ఏపీఐల్లో ఐడెంపొటెన్సీ కీ అనే హెడర్ ఉంటుంది. మీరు రూ.5,000 పంపుతుండగా నెట్ పోయిందనుకోండి. యాప్ మళ్లీ అదే కీతో ట్రై చేస్తే, సర్వర్ "ఇది పాత రిక్వెస్టే" అని గుర్తుపట్టి రెండోసారి డబ్బు కట్ చేయదు. కానీ మీ కీని పక్కనపెట్టి ఎస్‌డీకే ప్రతిసారీ కొత్త కీ పెడితే? డబ్బులు రెండుసార్లు పోవచ్చు.

1. కలిపే వరుస: డీఫాల్ట్ హెడర్లను, మీ హెడర్లను ఎస్‌డీకే ఒకచోట కలుపుతుంది. చివర్లో కలిపినదే నిలుస్తుంది. డీఫాల్ట్‌లను చివర్లో కలిపితే మీ వాల్యూ గల్లంతే. ఆండ్రాయిడ్‌లో ఓకేహెచ్‌టీటీపీ వాడే ఎస్‌డీకేల్లో ఇంటర్‌సెప్టర్ మీ రిక్వెస్ట్ తయారయ్యాక రన్ అవుతుంది. కాబట్టి చివరి మాట దానిదే.

2. అక్షరాల తేడా: హెచ్‌టీటీపీ రూల్స్ ప్రకారం హెడర్ పేరులో క్యాపిటల్, స్మాల్ లెటర్స్ తేడా ఉండదు. కానీ జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. దాంతో మీదీ, డీఫాల్ట్‌దీ రెండూ అందులో ఉండిపోతాయి. చివరికి ఏది వెళ్తుందనేది లైబ్రరీ చేతిలో ఉంటుంది.

3. మార్చడం బదులు చేర్చడం: ఓకేహెచ్‌టీటీపీలో 'హెడర్' ఫంక్షన్ పాతదాన్ని తీసేసి కొత్తది పెడుతుంది. 'యాడ్‌హెడర్' మాత్రం పాతదాన్ని ఉంచి ఇంకోటి చేరుస్తుంది. ఫెచ్‌లో 'సెట్', 'అపెండ్' మధ్య తేడా కూడా ఇదే.

4. కావాలనే వేసిన తాళం: ఆథరైజేషన్, సిగ్నేచర్ లాంటి హెడర్లను కొన్ని ఎస్‌డీకేలు సెక్యూరిటీ కోసం మార్చనివ్వవు. ఇది బగ్ కాదు. దాన్ని దాటే ప్రయత్నం చేయకండి.

మరి ఎలా కనిపెట్టాలి? కోడ్‌లో మీరు ఏం ఇచ్చారన్నది కాదు, ఫోన్ నుంచి బయటికి ఏం వెళ్తోందన్నది చూడాలి. ఓకేహెచ్‌టీటీపీలో లాగింగ్ ఇంటర్‌సెప్టర్‌ని నెట్‌వర్క్ ఇంటర్‌సెప్టర్‌గా పెడితే ఫైనల్ హెడర్లు కనిపిస్తాయి. ఈ టెస్ట్ శాండ్‌బాక్స్‌లోనే చేయండి. ఆథరైజేషన్ టోకెన్ లాగ్‌లో పడకుండా దాచడం మర్చిపోవద్దు. ఒకే కీతో రెండుసార్లు పంపి, పేమెంట్ ఒక్కటే నమోదైతే మీ హెడర్ సరిగ్గా చేరినట్టే. రెండు పడ్డాయా? యాప్ రిలీజ్ ఆపి, పైన చెప్పినవి ఒక్కొక్కటిగా చెక్ చేసుకోండి.